కంపెనీ పెడతానంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,
అత్త ఆశీస్సులు.

పోయిన ఆదివారం నువ్వు వచ్చి వెళ్లాక రాత్రి పదింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. "మంచి ఉద్యోగం వదిలేసి మెడికల్ బిల్లింగ్ కంపెనీ పెడతానంటోంది, నువ్వన్నా చెప్పవే" అని ఒకటే టెన్షన్. వద్దని మాత్రం నేను చెప్పనని అన్నయ్యతో అప్పుడే అనేశాను. మెడికల్ బిల్లింగ్ అంటే అమెరికా డాక్టర్ల బిల్లులు ఇక్కడి నుంచి ఇన్సూరెన్స్ వాళ్లకు పంపి డబ్బు రాబట్టడమే కదా, అలాంటి పనుల్లోనే పాతికేళ్లు గడిపినదాన్ని. నువ్వు మంచి పనే ఎంచుకున్నావు. కాకపోతే నువ్వు చూపించిన లెక్కల కాగితం చూసినప్పటి నుంచి కొన్ని మాటలు మనసులో తిరుగుతున్నాయి. మీ నాన్న ఎదురుగా చెబితే ఆయన భయం ఇంకా పెరుగుతుందని ఆరోజు ఊరుకున్నాను. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు.

ఆ కాగితంలో అన్నిటికంటే పైన రాసుకున్నావు: "మార్కెట్ కంటే ముప్ఫై శాతం తక్కువ రేటు." నాకు అక్కడే గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే నా మొదటి ఉద్యోగం సంగతి చెప్పాలి.

అది 2000వ సంవత్సరం. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించి రెండేళ్లు కూడా కాలేదు. మాధాపూర్ వైపు వెళ్తే ఎటు చూసినా బండరాళ్లే. నేను చేరిన ఆఫీసు అంత పెద్దదేం కాదు. అమీర్‌పేటలో ఒక బిల్డింగ్ మూడో అంతస్తు, ముప్ఫై కంప్యూటర్లు, కింద టిఫిన్ బండి. పని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికాలో డాక్టర్ రోగిని చూశాక ఏం చూశాడో, ఏ మందు రాశాడో ఫోన్‌లో చెప్పి రికార్డ్ చేసేవాడు. ఆ ఫైల్ మనకు వస్తే విని టైప్ చేసి, వాళ్లకు తెల్లారేలోపు పంపేయాలి. చెవులకు హెడ్‌ఫోన్స్, చేతుల కింద కీబోర్డ్, కాలి కింద పెడల్. పెడల్ తొక్కితే డాక్టర్ మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, పక్కన నొక్కితే వెనక్కి వస్తుంది. మీ నానమ్మ కుట్టు మిషన్ తొక్కుతుంటే చూస్తూ పెరిగాను కాబట్టి నాకది తొందరగానే పట్టుబడింది. స్పేస్‌లతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. లైనుకింత అని డబ్బు.

చేరిన నెలలోనే ఒక ఫైల్ దగ్గర ఆగిపోయాను. డాక్టర్ నమిలి మింగినట్టు మాట్లాడుతున్నాడు. రోగికి 'హైపర్‌టెన్షన్' ఉందన్నాడా, 'హైపోటెన్షన్' ఉందన్నాడా? ఒకటి బీపీ ఎక్కువ, ఒకటి తక్కువ. ఏడెనిమిది సార్లు వెనక్కి తిప్పి విన్నాను, తేలలేదు. మా సీనియర్ మేడమ్ వెనక నిలబడి, "చెవిని ఎందుకు అరగదీస్తావ్? కింద ఏం మందు రాశాడో చూడు" అంది. కింద అమ్లోడిపిన్ ఉంది. బీపీ తగ్గించే మందు. అంటే పైన అన్నది హైపర్. ఆ రోజు నుంచి నేను ప్రతి మందు పేరూ, అది దేనికిస్తారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. మా బ్యాచ్‌లో చాలామంది నాకంటే వేగంగా టైప్ చేసేవాళ్లు. నెలాఖరుకు నాకంటే ఎక్కువ లైన్లు, ఎక్కువ డబ్బు.

తర్వాత మాటను తనంతట తానే అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అది రాసినదాన్ని మేం దిద్దాలి. దిద్దే పనికి లైను రేటు పడిపోయింది. 2009లో అమెరికా ప్రభుత్వం హైటెక్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చి, రోగుల రికార్డులు కంప్యూటర్లో పెట్టుకున్న డాక్టర్లకు ప్రోత్సాహకాలు ఇచ్చింది. (మన హైటెక్ సిటీకి దానికీ సంబంధం లేదు, పేరొక్కటే కలిసింది.) ఇక చాలామంది డాక్టర్లు తెరమీద తామే టిక్కులు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. మా మేనేజ్‌మెంట్ ఏం చేసిందో తెలుసా? రేటు తగ్గించింది. క్లయింట్ అడిగిన ప్రతిసారీ ఇంకొంచెం తగ్గించింది. రెండేళ్ల పాటు తగ్గిస్తూనే ఉంది, చివరికి తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. నాకంటే వేగంగా టైప్ చేసిన వాళ్లలో కొందరు చీరల షాపుల్లో లెక్కలు రాయడానికి వెళ్లారు. చేతివేళ్లలో అంత పనితనం ఉన్న మనుషులు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నోట్‌బుక్‌లో మందుల పేర్లు రాసుకున్న ఆరేడుగురం కోడింగ్‌లోకి (జబ్బుకూ చికిత్సకూ కోడ్ నంబర్లు వేసే పని), బిల్లింగ్‌లోకి మారి నిలబడ్డాం.

అందుకే చెబుతున్నా, ఆ ముప్ఫై శాతం లైను కొట్టెయ్. నీకంటే తక్కువకు చేసేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. ఒకప్పుడు ఫోన్‌లో మాట్లాడే పనంటే ఇండియానే అనేవాళ్లు. 2010 తర్వాత ఆ పనిలో ఫిలిప్పీన్స్ మనల్ని దాటేసింది. ఇప్పుడు జీతం అడగని సాఫ్ట్‌వేర్ కూడా పోటీకి వచ్చింది. రూపాయి సంగతి కూడా గుర్తుంచుకో. ఇవాళ డాలర్‌కు ఎనభై అయిదు రూపాయలు దాటి వస్తున్నాయని లెక్కేశావు. 2007 చివర్లో అదే డాలర్ నలభై రూపాయల కిందికి దిగింది. అంతకుముందు నలభై అయిదు వస్తుందని లెక్కేసుకుని తక్కువ రేటుకు సంతకాలు పెట్టిన చిన్న కంపెనీలకు ఆ ఏడాది జీతాలివ్వడమే కష్టమైంది. రేటులో కాస్త ఊపిరాడే చోటు ఉంచుకోవాలి.

మరి ఏం చెప్పి పని అడగాలి అంటావు. ఒక క్లెయిమ్ కథ, అంటే ఇన్సూరెన్స్‌కు పంపిన ఒక బిల్లు కథ చెబుతాను, నీకే తెలుస్తుంది.

నేను టీమ్ చూస్తున్నప్పుడు, కుడి మోకాలి నొప్పితో వచ్చిన ఒక పెద్దాయన బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పి పంపారు. ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల పట్టికలో కుడి మోకాలి నొప్పి ఎం25.561, ఎడమది ఎం25.562. మా కోడర్ చివర ఒకటికి బదులు రెండు కొట్టాడు. ఎక్స్‌రే మాత్రం కుడివైపు అని సరిగ్గానే ఉంది. కుడి కాలికి ఎక్స్‌రే, ఎడమ కాలికి నొప్పి! డబ్బు కట్టబోమని డినయల్ వచ్చింది. రావాల్సిన డబ్బు వెంటపడే ఏఆర్ టీమ్‌లో ఒకబ్బాయి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉండి, "ప్రాసెస్‌లో ఉంది, నెల తర్వాత ఫాలో అప్" అని నోట్ రాశాడు. నెల తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు, అదే వాక్యం కాపీ పేస్ట్. రోజుకు ఇన్ని కాల్స్ అని టార్గెట్ కదా, ముగ్గురి టార్గెట్లూ పూర్తయ్యాయి. డాక్టర్ రాసిన నోట్ తెరిచి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగోసారి నా కంటపడేసరికి గడువు దాటిపోయింది. సీఓ-29 అని వచ్చిందంటే గడువు మీరిందని అర్థం, నీకు తెలిసిందే. అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ అయితే ఏడాది టైమిస్తుంది, కొన్ని ప్రైవేట్ ఇన్సూరెన్సులు తొంభై రోజులే. అయిదు నిమిషాల పని చేయనందుకు ఆ డాక్టర్‌కు రావాల్సిన డబ్బు రాకుండా పోయింది.

నువ్వు క్లయింట్‌కు చెప్పాల్సింది ఆ అయిదు నిమిషాల గురించి. "మా దగ్గర డినయల్ వచ్చిన ప్రతి క్లెయిమ్‌లో ముందు డాక్టర్ నోట్ చదువుతాం, తర్వాతే ఫోన్ చేస్తాం" అని చెప్పు, చెప్పింది చెయ్యి. కాల్స్ సంఖ్య మీద టార్గెట్ పెట్టకు. ఎన్ని క్లెయిమ్‌లకు డబ్బొచ్చింది, మొదటిసారికే ఎన్ని పాసయ్యాయి, అవి లెక్కపెట్టు. అన్ని రకాల డాక్టర్ల పనీ ఒకేసారి నెత్తికెత్తుకోకు. నువ్వు ఆరేళ్లుగా ఆర్థోపెడిక్ చూస్తున్నావు కాబట్టి రెండేళ్ల పాటు దాన్నే పట్టుకో. ప్రతి అక్టోబర్ ఒకటిన ఐసీడీ కోడ్లు మారతాయి, జనవరి ఒకటిన చికిత్సలకు వేసే సీపీటీ కోడ్లు మారతాయి. ఆ మార్పుల్లో ఆర్థోపెడిక్‌కు సంబంధించినవి ఒక పేజీలో రాసి, క్లయింట్ అడగకముందే పంపు. మేం అలా పంపడం మొదలుపెట్టాక ఒక డాక్టర్ గారి ఆఫీస్ మేనేజర్ ఎనిమిదేళ్లు మమ్మల్ని వదల్లేదు.

2015 అక్టోబర్ ఒకటి నాకిప్పటికీ గుర్తుంది. ఐసీడీ-9 పోయి ఐసీడీ-10 వచ్చిన రోజు. పద్నాలుగు వేల దాకా ఉన్న కోడ్లు డెబ్భై వేల దగ్గరికి వెళ్లాయి. అమీర్‌పేటలో కోడింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ల ముందు పిల్లలు బారులు తీరారు. పైనుంచి చూస్తే ఆ మార్పు మన నెత్తిన పడ్డ బండే, కానీ అదే వేలమందికి తిండి పెట్టింది. ఇప్పుడు కోడింగ్ చేసే ఏఐ గురించి నువ్వు పడుతున్న భయం కూడా నాకు అర్థమవుతుంది. సులువైన చార్టులు అది చేసేస్తుంది, దాన్ని ఆపలేం. డాక్టర్ అరకొరగా రాసిన నోట్, ఇన్సూరెన్స్ వాళ్లు కావాలని పెట్టే పేచీ, అప్పీల్ లెటర్, ఇవి ఇంకా మనిషి దగ్గరికే వస్తున్నాయి. కాబట్టి కొత్తగా తీసుకునే పిల్లలకు మొదటి రోజు నుంచే అప్పీల్ రాయడం నేర్పు. ఏఐ ఇచ్చిన కోడ్‌ను ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కొట్టేశారో పక్కన ఒక వాక్యం రాయించు.

ఇక రెండోది, నీ కాగితంలో ఆదాయం అన్నచోట ఒకే ఒక పేరుంది. హ్యూస్టన్‌లో ఆ ఒక్క క్లినిక్ గ్రూప్ నోటిమాటగా ఇస్తానన్న పని నమ్ముకుని పన్నెండు సీట్లకు కొండాపూర్‌లో అడ్వాన్స్ కట్టబోతున్నావు. నేను పనిచేసిన రెండో కంపెనీలో ముప్పావు వంతు పని ఒకే క్లయింట్‌ది. ఒక శుక్రవారం సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ వచ్చింది, వాళ్లను ఇంకో కంపెనీ కొనేసిందట, ముప్ఫై రోజుల్లో పని ఆపమన్నారు. అరవై మందిని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఒకమ్మాయి ఏమీ అనకుండా విని, "మేడమ్, ఈ నెల క్యాబ్ ఉంటుందా, నా బస్‌పాస్ అయిపోయింది" అని అడిగింది. ఆ మాట నన్ను ఎన్నో రాత్రులు పడుకోనివ్వలేదు. ఆ కంపెనీ యజమానులు చెడ్డవాళ్లేం కాదు. అగ్రిమెంట్‌లో ఆ ముప్ఫై రోజుల క్లాజ్‌ను ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

కనీసం తొంభై రోజుల నోటీస్ అడుగు. సంతకం కాకుండా అడ్వాన్స్ కట్టకు. మొదటి ఆరు నెలలు నలుగురితో, దొరికితే ఏదైనా కో-వర్కింగ్ ఆఫీసులో నడుపు. ఇంకో మాట, నువ్వు వసూళ్లలో శాతం తీసుకుంటానంటున్నావు. మంచి పద్ధతే, క్లయింట్‌కు డబ్బొస్తేనే నీకు వస్తుంది కాబట్టి వాళ్లకు నమ్మకం కుదురుతుంది. కానీ 2024 ఫిబ్రవరిలో ఛేంజ్ హెల్త్‌కేర్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు ఏమైందో చూశావు కదా. అమెరికాలో క్లెయిమ్‌లు వెళ్లే పెద్ద దారే మూసుకుపోయింది. మన తప్పేం లేకుండానే వారాల తరబడి వసూళ్లు ఆగిపోయాయి. శాతం మీదే బతికే చిన్న ఆఫీసులు అప్పులు తెచ్చి జీతాలిచ్చాయి. అందుకని నెలకింత కనీస మొత్తం అని ఒకటి పెట్టుకుని, దాని పైన శాతం అడుగు. నాలుగు నెలల జీతాలకు సరిపోయే డబ్బు వేరే ఖాతాలో పెట్టి, దాన్ని మర్చిపో. లెక్కల పుస్తకాల్లో ఒక్క రూపాయి కూడా అటూ ఇటూ కాకూడదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడిన రోజు ఈ ఊరు ఎలా ఉందో నేను చూశాను. ఆ కంపెనీలో నిజాయితీగా పనిచేసిన వేలమంది ఏ పాపం చేయకుండానే తలదించుకుని ఇంటికి వెళ్లారు.

రాత్రి పని గురించి నీ కాగితంలో ఒక్క ముక్క లేదు. నువ్వు డే షిఫ్ట్ కోడర్‌వి కాబట్టి తట్టి ఉండదు. ఏఆర్ కాలింగ్ అంటే హ్యూస్టన్ టైమే. శీతాకాలంలో వాళ్లకు పొద్దున ఎనిమిదంటే మనకు రాత్రి ఏడున్నర. వాళ్లకు సాయంత్రం అయిదంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. ఏడాదికి రెండుసార్లు నీ టీమ్ మొత్తం నిద్ర, తిండి, ఇంట్లోవాళ్ల టైమ్ అన్నీ మారతాయి. నేను ఆరేళ్లు ఆ షిఫ్ట్ చేశాను. పాలప్యాకెట్లు వేసే అబ్బాయి, నేను ఒకేసారి గేటు దగ్గరికి వచ్చేవాళ్లం. మీ బావ అప్పుడు మూడో తరగతి. వాడి స్కూల్ బస్ వచ్చేదాకా మేలుకుని ఉండాలని పంతం, కానీ కళ్లు వాటంతటవే మూతపడేవి. ఒకరోజు వాడే దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కడే కిందికి వెళ్లి బస్సెక్కాడు.

అందుకే గట్టిగా చెబుతున్నా. ఆడపిల్లలను క్యాబ్‌లో చివర దింపే రూట్ వేయకు, తప్పనిసరైతే గార్డ్ ఉండాల్సిందే. క్యాబ్ ఖర్చు ఎక్కువైందని ఏ నెలా దాన్ని కోయకు. షిఫ్ట్ మధ్యలో వేడి అన్నం ఉండాలి, చిప్స్ మెషీన్ సరిపోదు. పిల్లలున్న వాళ్లకు కోడింగ్, ఛార్జ్ ఎంట్రీ లాంటి పగటి పని ఇవ్వడానికి వీలుందేమో ముందు చూడు. ఇంకొకటి, ఫోన్‌లో మాట్లాడేవాళ్లకు అమెరికా పేర్లు పెట్టకు. పాత రోజుల్లో చాలా చోట్ల అదే ఆనవాయితీ. లక్ష్మి అని పుట్టిన పిల్ల రాత్రంతా లూసీనని చెప్పుకుంటే లోపల ఏదో చచ్చిపోతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు కావాల్సింది క్లెయిమ్ నంబర్, సరైన ప్రశ్న. పేరు లక్ష్మి అయినా వాళ్లు పలుకుతారు.

మనుషులు నిలబడటమే ఈ ఊళ్లో అన్నిటికంటే పెద్ద చిక్కు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో మన తెలంగాణ ఐటీ ఎగుమతులు 57,258 కోట్లు, 2022-23కి 2,41,275 కోట్లు. ఉద్యోగాలు 3.23 లక్షల నుంచి 9.05 లక్షలకు పెరిగాయి. వినడానికి సంతోషమే. కానీ ఇందులో పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు పని బయటికి ఇవ్వడం మాని, ఇక్కడే సొంత ఆఫీసులు పెట్టుకోవడం పెరుగుతోంది. జీసీసీలు అంటున్నారే, అవి. నువ్వు ఏడాది పాటు నేర్పిన పిల్లను వాళ్లు రెట్టింపు జీతమిచ్చి తీసుకుపోతారు. ఆ జీతంతో నువ్వు పోటీపడలేవు. నీకు చేతనైనది వేరే ఉంది. నేను నీ స్థానంలో ఉంటే ఏడాది తిరిగేసరికి నలుగురు మనుషులను వరంగల్‌లో పెట్టేదాన్ని. 2020 జనవరిలో సైయంట్, టెక్ మహీంద్రా అక్కడ ఆఫీసులు తెరిచాయంటే ఊరికే కాదు. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు భరించలేక, ఇంట్లో పంపక, చదువుకుని ఇంట్లోనే ఉన్న లైఫ్ సైన్సెస్ అమ్మాయిలు హనుమకొండలో ఎంతమందో నీకే తెలుసు, నీతో డిగ్రీ చదివినవాళ్లే కదా.

డేటా విషయంలో మాత్రం ఎవరినీ నమ్మకు, నన్ను కూడా. అమెరికాలో రోగుల వివరాలు కాపాడే హిపా చట్టం 1996 నుంచి ఉంది. ఆ వివరాలు భద్రంగా ఉంచుతామని క్లయింట్‌తో రాసుకునే బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ లేకుండా ఒక్క రోగి పేరు కూడా నీ తెరమీద కనబడకూడదు. ఫ్లోర్ మీదికి ఫోన్లు వద్దు. ఒకచోట కొత్తగా చేరిన కుర్రాడు తన సీటు ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపాడు, సంతోషం కొద్దీ. వెనక తెరమీద ఒక రోగి పేరు, పుట్టినతేదీ స్పష్టంగా ఉన్నాయి. వాడి ఉద్యోగం పోయింది. నేర్పాల్సిన మేం సరిగ్గా నేర్పలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దొంగ కాల్ సెంటర్లు పెట్టి అమెరికా ముసలివాళ్లను మోసం చేసే ముఠాలు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చిన ప్రతిసారీ, మన ఊరి నుంచి నిజాయితీగా ఫోన్ చేసే ప్రతి పిల్లనూ అవతలివాళ్లు ఒక క్షణం అనుమానిస్తారు. ఆ బరువు నీ టీమ్ మోయాలి, కాబట్టి నువ్వు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

మిగతావి నీ సీఏ చూసుకుంటారు. ఎగుమతి కాబట్టి జీఎస్టీ కట్టకుండా ఉండాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ వేయాలి, మర్చిపోతారు జనం. పదిమంది అయ్యేసరికి ఈఎస్‌ఐ, ఇరవై అయ్యేసరికి పీఎఫ్. పందొమ్మిది దగ్గర ఆపి లెక్క చూపించమని ఎవరన్నా సలహా ఇస్తే ఆ మనిషి మాట ఇంకెప్పుడూ వినకు. అమెరికా రాజకీయాలు కూడా ఒక కంట కనిపెట్టు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అదే నెలలో విదేశాలకు పని ఇచ్చే కంపెనీల చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలని సెనేట్‌లో బిల్లు పెట్టారు. అలాంటిది వస్తే దాన్ని ఎవరు భరించాలో అగ్రిమెంట్‌లో ఇప్పుడే రాసుకో.

మీ నాన్నకు నేను ఫోన్ చేస్తాను. పద్దెనిమిది నెలల గడువు పెట్టుకుందామని, అప్పటికీ నిలబడకపోతే ఉద్యోగం వెతుక్కుంటావని చెబుతాను. ఆ మాట నీ తరఫున ఇస్తున్నా, కాదనకు. అన్నయ్య ఒప్పుకుంటాడు, కోపమంతా పైపైనే.

ఈ ఆదివారం పొద్దున్నే రా, భోజనం ఇక్కడే. హ్యూస్టన్ వాళ్లు పంపిన డ్రాఫ్ట్ అగ్రిమెంట్ ప్రింట్ తీసి తీసుకురా, ఫోన్‌లో చూపిస్తే నాకు కళ్లు ఆనడం లేదు. నోటీస్ పీరియడ్ ఎక్కడుందో ఆ పేజీ మడిచి పెట్టు, అక్కడి నుంచే మొదలుపెడదాం. నా పాత మందుల నోట్‌బుక్ కూడా అటక మీద నుంచి దింపి పెట్టాను.

నీ అత్త